తోలు ఒరలో ఒక వానాకాలం

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాసిన తర్వాత కూడా ఉండదనే అనుకుంటున్నాను. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. అన్ని పుస్తకాల కంటే దెయ్యాల కథల పుస్తకాలే ఎక్కువ నలిగి తిరిగొచ్చేవి. వాటికి కొత్త అట్టలు కట్టించి మళ్ళీ బీరువాలో సర్దించేదాన్ని. ఒక్కటి కూడా ఇంటికి తెచ్చుకోవాలనిపించలేదు.

నేను చెప్పబోయేది చిన్న విషయం. ఎవరూ కనబడలేదు. ఏ గొంతూ వినబడలేదు. ఒక పాత జర్మన్ పిస్టల్‌కు పట్టాల్సిన తుప్పు పట్టలేదు. అంతే. కానీ ఆ తుప్పు ఎందుకు పట్టలేదో తెలుసుకోవాలని నేను చేయగలిగినదంతా చేశాను. తెలియలేదు.

పిస్టల్ మా అక్క వసుధది. అక్క లోహాలను పరీక్షించే ల్యాబులో పనిచేసింది. ఇనుము ఎందుకు విరుగుతుంది, ఎందుకు తుప్పు పడుతుంది అని చూడటమే ఆమె ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. అది ఆమె నిర్ణయం, దాని వెనక కథేమీ లేదు. సికింద్రాబాద్ కార్ఖానా బస్తీలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. నేనూ మావారూ యాప్రాల్‌లో ఉంటాం. ఆదివారం పొద్దున నేను అక్క దగ్గరికి వెళ్ళడం మాకు అలవాటు.

పిస్టళ్ళ సేకరణ అంటే గోడ నిండా తుపాకులు వేలాడే ఇల్లు ఊహించుకుంటారు. అక్క సేకరణ రెండు పిస్టళ్ళు, ఒక బీరువా నిండా పుస్తకాలు. ఒకప్పుడు మూడోది కూడా ఉండేది. ఒక మనిషి దగ్గర రెండుకు మించి ఉండకూడదని చట్టం మారినప్పుడు దాన్ని అప్పగించి వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా, సినిమాల్లో చూసిన పేరు గుర్తొచ్చి, ఇది లూగరా అని అడిగేవారు. కాదు. రెండూ అంతకంటే చిన్నవి, జేబులో పట్టేవి. పెద్దది పాయింట్ త్రీ టూ తూటాలు పట్టేది, మా నాన్న నుంచి వచ్చింది. చిన్నది అక్క తర్వాత కొనుక్కున్నది. కంపెనీ పేర్లు రాయను. తెలిసినవాళ్ళు పోల్చుకుంటారు, తెలియనివాళ్ళకు వాటితో పని లేదు.

నాన్న కలప కాంట్రాక్టరు. అడవుల్లో తిరిగే పని కాబట్టి లైసెన్సు తీసుకున్నాడు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లిష్ ఆఫీసరు దగ్గర ఆ పిస్టల్ కొన్నాడు. ఆ ఆఫీసరు యుద్ధంలో ఒక జర్మన్ ఆఫీసరును పట్టుకుని అతని నడుము నుంచి దాన్ని తీసుకున్నాడట. బన్సీలాల్‌పేట్‌లో మేం ఉన్న ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా నాన్న ఆ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ జర్మన్ ఆఫీసరు హోదా ఒక మెట్టు పెరిగేది.

అక్కకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆ పిస్టల్‌ను కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చూసింది. గొట్టం మీద, పైభాగం మీద చిన్న కిరీటం, దాని కింద ఎన్ అక్షరం ఉన్నాయి. జర్మనీలో మామూలు జనానికి అమ్మే పిస్టళ్ళను కాల్చి పరీక్షించాక వేసే గుర్తు అది. యుద్ధం మొదలైన కొత్తలోనే కిరీటం తీసేసి గద్ద బొమ్మ పెట్టారు. అంటే ఇది అంతకు ముందరిది. సైన్యం తీసుకున్న పిస్టల్‌కు సైన్యం వేసే ముద్ర వేరే ఉంటుంది, దీనికి అది లేదు. ఎవరో దుకాణంలో డబ్బిచ్చి కొనుక్కున్న పిస్టల్ ఇది. ఎవరి నడుము నుంచీ ఎవరూ లాక్కున్నట్టు దాని ఒంటి మీద ఎక్కడా లేదు.

ఈ సంగతి అక్క రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. నాన్న చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. అక్క మాత్రం ఒకే మాట అన్నది.

"కథ పక్కన వెట్టు నాన్నా. ఇనుము ఏం జెప్తున్నదో సూడు."

తర్వాత జీవితమంతా ఆమె చేసింది అదే. ఎవరైనా పాత పిస్టల్ చూపించి ఇది ఫలానా నవాబుది అంటే తల ఊపి వినేది. విన్నాక నంబరు చూసేది. పెద్ద భాగాల మీద నంబరు ఒకటేనా, పరీక్ష గుర్తు ఏ కాలానిది, అరుగుదల చెయ్యి తగిలే చోటనే ఉందా, ఇలా వేర్వేరు వైపుల నుంచి వచ్చిన సాక్ష్యం ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మేది. ఒక్కటి తేడా వచ్చినా తెలియదు అని ఊరుకునేది. తెలియదు అని చెప్పడానికి ఆమెకు ఇబ్బంది ఉండేది కాదు.

నెలకో ఆదివారం పిస్టళ్ళు తుడిచే రోజు. నేను పక్కన కుర్చీలో కూర్చుని ఏదో ఒక నవల పైకి చదివేదాన్ని. అక్క బల్ల మీద పాత దుప్పటి పరిచి, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని పని మొదలుపెట్టేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నా చేతులకు చెమట ఎక్కువ. "నీ చెయ్యి తగిల్తె దానికి జరమొస్తది, దూరం కూసో" అనేది. పిస్టల్ మీది ఆ నీలపు నలుపు పూసిన రంగు కాదని, తుప్పునే అదుపులో పెట్టి చేసిన పలచని పొర అని, ఒకసారి పోతే మళ్ళీ అలాంటిది రాదని చెప్పేది. పాలిష్ పెట్టనిచ్చేది కాదు. పాలిష్ పెట్టడం అంటే వయసు దాచడం, అబద్ధం చెప్పడం అని ఆమె లెక్క.

పిడికి రెండు వైపులా బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌తో చేసిన నల్లటి పలకలు ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. మొదటిసారి విప్పినప్పుడు అక్క చేతిలో స్క్రూడ్రైవరు జారి, స్క్రూ పక్కన చిన్న గీత పడింది. దాన్ని అలాగే ఉంచింది. ఇక ఆ స్క్రూ విషయంలో ఆమెకు ఒక పట్టింపు ఏర్పడింది. బిగించడం అయ్యాక స్క్రూ తల మీది గాడి పిడి పొడవునా నిటారుగా నిలబడాలి. అలా నిలబెట్టాలంటే చివర వెంట్రుకవాసి వెనక్కి తిప్పాలి. ఇంకాస్త బిగిస్తే పలక పగులుతుంది, ఇంకాస్త వదిలితే కదులుతుంది. మంచి పనివాళ్ళు అందరూ అలాగే వదులుతారని, గాడి వంకరగా ఉంటే ఎవరో తొందరలో చేశారని అర్థమని చెప్పేది.

ఇంకొకటి నూనె. కుట్టుమిషన్ నూనె సీసాలో మా నాన్న రెండు లవంగాలు వేసేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు. దాని వల్ల ఇనుముకు ఒరిగేదేమీ లేదని అక్కకు అందరికంటే బాగా తెలుసు. అయినా ఆయన పోయాక కూడా వేస్తూనే ఉంది. లోహాల శాస్త్రం చదివినదానివి కదా, ఇదేమిటి అని ఒకసారి ఏడిపించాను. నవ్వి సీసా మూత బిగించింది.

అక్క ఎండాకాలం మొదట్లో పోయింది. గుండె జబ్బు. ఆస్పత్రిలో కొద్ది రోజులే ఉంది. పోవడానికి ముందు సాయంత్రం ఇంటి తాళాలు, బ్యాంకు సంగతులు అన్నీ మామూలుగా చెప్పింది. చివర పిస్టళ్ళ మాట వచ్చింది.

"అమ్మాలనిపిస్తె అమ్ము. నేనేం అనుకోను. గని నీ దగ్గర ఉన్నన్ని రోజులు తుప్పు పట్టనియ్యకు."

సరే అన్నాను. నాతో ఆమె పెట్టుకున్న కోరిక అదొక్కటే.

లైసెన్సు ఉన్న మనిషి పోతే ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో గానీ అప్పగించి, వారసురాలిగా దరఖాస్తు పెట్టుకోవాలి. సికింద్రాబాద్‌లో అక్కకు తెలిసిన పాత దుకాణం ఒకటి ఉంది. దాన్ని నడిపే రాంచందర్ గారికి నా వయసే ఉంటుంది, తాతల నాటి వ్యాపారం. కర్మకాండ అయిన మరుసటి రోజే మావారు మోహన్‌తో కలిసి వెళ్ళాను. పెద్ద పిస్టల్‌తో పాటు దాని తోలు ఒర కూడా తీసుకెళ్ళాను. ఆ ఇంగ్లిష్ ఆఫీసరు నాన్నకు పిస్టల్‌ను ఆ ఒరలోనే పెట్టి ఇచ్చాడట.

అక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే తర్వాతదంతా దీని మీద ఆధారపడింది.

రాంచందర్ గారు నంబర్లు స్పష్టంగా కనబడాలని రెండు పిస్టళ్ళనూ స్పిరిట్ ముంచిన గుడ్డతో శుభ్రంగా తుడిచారు. పెద్దదానికి పిడి పలకలు విప్పి లోపల కూడా చూసి, అక్కడా తుడిచి, మళ్ళీ బిగించారు. స్క్రూ గాడి వంకరగా ఆగింది. నేను చూశాను. అక్క ఉంటే ఊరుకునేది కాదు అనిపించింది, నేను మాత్రం ఏమీ అనలేదు. దరఖాస్తుకు ఫోటోలు కావాలి కాబట్టి రెండింటినీ అటూ ఇటూ తిప్పి నా ఫోన్‌లోనే తీశాను. చేతులకు ఏమీ తొడుక్కోలేదు. తర్వాత ఆయన చిన్నదాన్ని పొడి గుడ్డలో చుట్టారు. పెద్దదాన్ని ఒరలో పెట్టారు.

విడిగా పెట్టకూడదా అని మోహన్ ఊరికే అడిగాడు. ఒర చూడటానికి బాగుంది, పాడవుతుందేమో అని ఆయన బాధ.

"రశీదుల ఒర గూడ రాసినం గద సార్. పిస్టల్ దాంట్లనే ఉండాలె. రేపు ఎవరన్న తనిఖీకొచ్చి ఖాళీ ఒర ఎందుకున్నదంటె నేనేం జెప్పాలె?" అన్నారు రాంచందర్ గారు.

రెండింటినీ ఒకే గుడ్డ సంచిలో వేసి, మూతి కుట్టి, లక్క సీలు వేశారు. కుట్టు మీదుగా, లక్క కిందికి వెళ్ళేలా నా సంతకం పెట్టించుకున్నారు. సంచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. నాకైతే పిస్టల్ తన ఒరలో తాను ఉండటం మర్యాదగానే అనిపించింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం కార్ఖానా ఇంటి కిటికీలు తెరిచి గాలి తగలనిద్దామని వెళ్ళాను. అక్క ఇనుప బీరువా తెరిచాను. పై అరలో రెండు పిస్టళ్ళ ఆకారంలో గుంటలు పడిన మందపాటి గుడ్డ, చుట్టూ తేమ పీల్చే గుళికల పొట్లాలు. అట్టడుగున, వీలైనంత దూరంగా, ఒర ఉండే చోటు. ఎన్ని ఏళ్ళుగా చూశానో ఆ బీరువాను. ఒర ఎప్పుడూ పిస్టల్ దగ్గర ఉండేది కాదు. ఖాళీగా చూస్తే గానీ అది నాకు కనబడలేదు.

నిలబడే అక్క పుస్తకాల్లో వెతికాను. కొంతసేపటికి దొరికింది. తోలును పదును చేసేటప్పుడు పట్టిన ఉప్పులు అందులోనే ఉండిపోతాయి. అవి గాలిలోని తేమను లాగి ఇనుముకు అంటిస్తాయి. ఒరలో పెట్టి మరిచిపోయిన పిస్టల్ ఒక్క వర్షాకాలంలో గుంటలు పడుతుంది, ఆ గుంటలు ఇక పూడవు. నూనె లేకపోతే మరీ త్వరగా. మా పిస్టల్ స్పిరిట్‌తో తుడిచి, నూనె లేకుండా, ఒరలో ఉంది.

మరుసటి రోజు దుకాణం తెరవకముందే వెళ్ళి మెట్ల మీద నిలబడ్డాను. రాంచందర్ గారు మొత్తం విన్నారు. ఆయనకూ తెలుసు ఆ సంగతి. ఇంతకాలం అవుతుందనుకోలేదన్నారు. కానీ ఆర్డరు రాకుండా సీలు కోయలేనన్నారు. కోస్తే కాగితాలన్నీ మళ్ళీ మొదటి నుంచి షురూ చేయాలి, మీరూ నేనూ ఇద్దరం పరేషాన్ అవుతాం అన్నారు. బతిమాలాను. ఆయన సంచిని తెచ్చి చూపించి, నా ముందే అన్నిటికంటే పై అరలో, గోడకు తగలకుండా పెట్టారు. అంతకంటే ఆయన చేయగలిగింది లేదు.

ఆ వానాకాలం సికింద్రాబాద్‌లో ఎండ మొహం చూసిన రోజులు తక్కువ. వీలైనప్పుడల్లా దుకాణానికి వెళ్ళేదాన్ని. సంచి చూపించేవారు. దగ్గరికి వెళ్తే తడిసిన తోలు వాసన వచ్చేది. నా సంతకం, లక్క, కుట్టు ఎప్పుడు చూసినా మొదటి రోజు ఉన్నట్టే ఉండేవి. లైసెన్సు ఇచ్చే కార్యాలయంలో ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. అక్క అంతకాలం కాపాడిన దాన్ని నేను ఒక్క వానాకాలం కాపాడలేకపోయాననే ఆలోచన తప్ప నాకు వేరే పని లేదు. దుఃఖం అంటే ఏడవడం అనుకునేదాన్ని. నాకు మాత్రం అది తేమ గురించి ఆలోచించడంగా వచ్చింది.

మధ్యలో ఒకటి జరిగింది. దానికి ఎంత విలువ ఇవ్వాలో నాకు తెలియదు. అక్క నూనె సీసాను నేను యాప్రాల్ తెచ్చి, బట్టల బీరువాలో పెట్టాను. ఒక మధ్యాహ్నం బయట బాగా వాన పడుతోంది. నేను ముందు గదిలో చదువుకుంటున్నాను. మోహన్ నిద్ర లేచి వచ్చి నిలబడ్డాడు.

"పులావ్ చేస్తున్నవా ఏంది? చెప్పనే లేదు."

చేయడం లేదు. వంటింట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. కానీ లవంగాల వాసన నాకూ వస్తోంది. ఇల్లంతా ఉంది. బీరువా తీసి చూశాను. సీసా మూత గట్టిగా బిగించే ఉంది, చుట్టూ నూనె కారలేదు. కొంతసేపటికి వాసన పోయింది. పులావ్ లేదని తెలిసి మోహన్ నిరాశపడ్డాడు. సీసాలో నూనె తగ్గిందా అని ఇది చదివేవాళ్ళు అడగవచ్చు. అంతకుముందు ఎంత ఉందో నేను గుర్తు పెట్టుకోలేదు. కాబట్టి తగ్గిందని రాయను.

చలి మొదలయ్యాక నా పేర లైసెన్సు ఇస్తూ ఆర్డరు వచ్చింది. పగటిపూట, దుకాణంలో నేను, మోహన్, రాంచందర్ గారు తప్ప ఎవరూ లేరు. రాంచందర్ గారు సంచిని గల్లా బల్ల మీద పెట్టి, ముందు నా సంతకం నాకు చూపించారు. లక్క పగలలేదు, కుట్టు తెగలేదు. సరిగా చూసుకోండి అన్నారు. చూసుకున్నాను. అప్పుడు కత్తెర పెట్టారు.

సంచి తెరవగానే బూజు వాసన ముక్కుకు కొట్టింది. ఒర మీద తెల్లగా, ఆకుపచ్చగా బూజు పట్టి ఉంది. ఆయన దాన్ని చూసి "అయిపాయె" అని మెల్లగా అన్నారు. నేను కుర్చీలో కూర్చున్నాను.

ముందు చిన్న పిస్టల్ తీశారు. అది ఒరలో లేదు, పొడి గుడ్డలో ఉంది. అయినా పైభాగం మీద ఎర్రటి మచ్చ పడింది. దగ్గరికి తీసుకుని చూస్తే వేలిముద్ర. ఫోటోలు తీసినప్పుడు నా బొటనవేలు ఆనిన చోట, గీతలతో సహా, తుప్పు నా వేలిని అచ్చు వేసింది.

ఒర గుండీ బిగుసుకుపోయింది. ఆయన దాన్ని నెమ్మదిగా ఊడదీసి, పెద్ద పిస్టల్‌ను బయటికి తీశారు. ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పారు. గొట్టంలోకి చూశారు. తిరిగి వచ్చి, బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద పెట్టారు.

"మేడం, మీరు ఏం నూనె వాడ్తరు?"

నేను దాన్ని ముట్టుకోలేదు కదా అన్నాను. ఆయన పిస్టల్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇది మా దుకాణం నూనె గాదు. లవంగం వాసనొస్తుంది."

లవంగాల సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమే రాలేదు.

వంగి చూశాను. ఒక్క మచ్చ లేదు. పలచగా, సమంగా నూనె ఉంది. ఎక్కువ నూనె పెట్టేవాళ్ళు చేతకానివాళ్ళు అని అక్క అనేది, ఇక్కడ ఎక్కడా ఎక్కువ లేదు. తర్వాత పిడి చూశాను. స్క్రూ గాడి పిడి పొడవునా నిటారుగా నిలబడి ఉంది.

ఫోన్ తీసి ఆ రోజు ఫోటో చూపించాను. గాడి వంకరగా, దాదాపు అడ్డంగా ఉంది. రాంచందర్ గారు ఫోటోను పెద్దది చేసి చూశారు, పిస్టల్‌ను చూశారు, మళ్ళీ ఫోటోను చూశారు.

"ఆ రోజు బిగించింది నేనే. ఇట్ల నేను వెట్టను. నాకు రాదు గూడ."

పిస్టల్ మారిపోయిందేమో అని ముందు అనుకున్నాను. అక్క పద్ధతిలోనే చూశాను. నంబరు అదే. కిరీటం కింద ఎన్ అక్షరం అదే చోట, ఒక వైపు కొంచెం లోతుగా పడినట్టే ఉంది. స్క్రూ పక్కన అక్క స్క్రూడ్రైవరు జారిన గీత ఉంది. ఆయనతో పలకలు విప్పించాను. లోపల కూడా నూనె ఉంది, ఆయన స్పిరిట్ పెట్టి తుడిచిన చోటే. తర్వాత నా దగ్గరున్న తెల్ల చేతిగుడ్డను ఒర లోపల పెట్టి రుద్దాను. బూజు అంటింది. నూనె అంటలేదు. నూనె పెట్టిన ఇనుము అన్ని నెలలు తోలులో ఉంటే తోలుకు నూనె పీల్చుకున్న మరక ఉండాలి. లేదు.

మీరు గానీ మీ వాళ్ళు గానీ జాలిపడి తీసి నూనె పెట్టారా అని సూటిగానే అడిగాను. ఆయనకు కోపం రాలేదు.

"మేడం, నా సొంత తుపాకులకు నూనె పెట్టనీకే నాకు టైం లేదు. పెట్టుంటె చెప్పుకుంట గద, మీ దగ్గర మంచి పేరు వస్తుండె."

అది నిజమనిపించింది. ఆ లక్క ముద్ర ఆయన దగ్గరే ఉంటుంది, మళ్ళీ వేయగలరు. కానీ లక్క కింద ఉన్నది నా సంతకం. చివరి అక్షరం తోక ఆ రోజు కలం ఆగిపోయి రెండుగా వచ్చింది, అలాగే ఉంది. ఇంతా చేసినా లవంగాల మాట ఎవరికి తెలుసు? మోహన్‌కు తెలుసు, నాకు తెలుసు.

ఇంటికి వచ్చాక మోహన్ శాంతంగా ఆలోచించాడు. ఆయన బ్యాంకులో ఆడిట్ చేసిన మనిషి. లోపలి భాగాల్లో పాత నూనె మిగిలి ఉంటుందని, వేడికీ తేమకూ అది మెల్లగా పైకి పాకి ఉంటుందని అన్నాడు. వాసన కూడా దాంతోనే వచ్చిందన్నాడు. బేకలైట్ వాతావరణానికి కొద్దిగా ముడుచుకుంటుందని, స్క్రూ దానంతట అది తిరిగి ఉండవచ్చని అన్నాడు. ఒక్కొక్కటి విడిగా వింటే నమ్మవచ్చు. నాకూ నమ్మాలనే ఉంది. కానీ చిన్న పిస్టల్‌కూ అదే సీసాలోని నూనె, అదే స్పిరిట్, అదే సంచి. దానికి తుప్పు పట్టింది. తోలు అంటనిదానికి పట్టి, తోలులో ఉన్నదానికి ఎందుకు పట్టలేదు? స్క్రూ తిరిగితే తిరిగింది, సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది?

"వదినె ఉంటె నన్ను పాస్ చేయకపోవు" అన్నాడు మోహన్.

లోహాల సంగతి తెలిసిన ఇద్దరిని అడిగాను. పేర్లు అవసరం లేదు. ఒకరు మోహన్ చెప్పిందే చెప్పారు. ఇంకొకరు ఫోటో తారీఖు తప్పేమో చూసుకోమన్నారు. తప్పు లేదు. ఫోటోలో బల్ల మీద రాంచందర్ గారి లక్క, స్పిరిట్ సీసా కూడా ఉన్నాయి.

ఇంతవరకు సాక్ష్యం. ఇక మిగిలింది పిస్టల్ సంగతి.

దాన్ని ఇంటికి తెచ్చుకున్నాక కొన్నాళ్ళు ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆ నూనె పోతుంది. జరిగినదానికి మిగిలిన గుర్తు ఆ పలచని పొర, ఆ స్క్రూ. అలాగే గాజు పెట్టెలో పెట్టి ఉంచాలనిపించింది. ఎవరైనా వస్తే చూపించవచ్చు. నాన్న ఆ జర్మన్ ఆఫీసరు కథ చెప్పినట్టు నేనూ చెప్పుకోవచ్చు.

కానీ నూనె పాతబడుతుంది. దుమ్ము పట్టి జిగురవుతుంది, తేమను పట్టుకుంటుంది. పాత నూనె తుడిచి కొత్తది పెట్టకపోతే తుప్పు తప్పదు. అది ఎవరు పెట్టిన నూనె అయినా అంతే. అక్క నన్ను అడిగింది తుప్పు పట్టనియ్యవద్దని, సాక్ష్యం దాచమని కాదు.

ఒక ఆదివారం పొద్దున బల్ల మీద దుప్పటి పరిచాను. చేతులకు తొడుగులు వేసుకున్నాను. లోపల తూటా లేదని రెండుసార్లు చూశాను. ముందు చిన్నదాని మీద నా వేలిముద్రను నూనె గుడ్డతో నెమ్మదిగా తుడిచాను. తుప్పు పోయింది, మరక పూర్తిగా పోలేదు. పాలిష్ పెట్టలేదు. తర్వాత పెద్దది తీసుకున్నాను. స్క్రూ విప్పే ముందు చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. విప్పాను. పాత నూనె అంతా తెల్ల గుడ్డతో తుడిచాను. గుడ్డ నుంచి లవంగం వాసన వచ్చింది. ఆ వాసన సీసాలో ఉన్నదానితో సమానమే, ఎక్కువా కాదు తక్కువా కాదు. సీసా నుంచి కొత్త నూనె ఒక్క చుక్క తీసి పరిచి, పలకలు పెట్టి, స్క్రూ బిగించాను.

గాడి వంకరగా ఆగింది. వెంట్రుకవాసి వెనక్కి తిప్పితే నిటారుగా వస్తుందేమో. స్క్రూడ్రైవరు గాడిలోనే ఉంది. తిప్పలేదు.

కొత్తగా చేసిన పనిని పాతదానిలా కనబడేటట్టు చేయడం అక్కకు నచ్చేది కాదు. ఎవరి చెయ్యి ఏదో చూసేవాళ్ళకు తెలియాలి అనేది. వంకర గాడి నాది. అది నాదని తెలియాలి.

అక్క ఇనుప బీరువాను యాప్రాల్ తెప్పించుకున్నాను. ఒరను అందులో అట్టడుగున, వీలైనంత దూరంగా పెట్టాను.

నెలకోసారి ఇప్పుడు నేనే తుడుస్తాను. మోహన్ పక్కన కూర్చుని పేపరు పైకి చదువుతాడు. నవలలు ఆయనకు పడవు. రెండో వానాకాలం కూడా వచ్చి వెళ్ళింది. తుప్పు లేదు, కానీ ఇందులో వింత లేదు, నేను చూసుకుంటున్నాను కాబట్టి లేదు. మొదటి వానాకాలం ఎవరు చూసుకున్నారో నాకు తెలియదు. తెలియదు అని చెప్పడానికి నాకు ఇబ్బంది లేదు.

బీరువా తెరిచినప్పుడు మాత్రం నంబరు కంటే ముందు, తుప్పు కంటే ముందు, స్క్రూ చూస్తాను. ఇప్పటివరకు అది నేను వదిలినట్టే, వంకరగానే ఉంది.